గ్రాఫులో లైను సగం ఖాళీ, గదిలో వీడియో బంద్: ఒక ఆసుపత్రి నెట్‌వర్క్ కేసు

తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం. అక్కడ సుమారు వంద పడకల ప్రైవేటు ఆసుపత్రి, దాని పెద్ద శాఖ హైదరాబాద్‌లో. ఊరి పేరు, ఆసుపత్రి పేరు చెప్పను. మనుషులను గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను. కేసు రాయడానికి కారణం ఒకటే. ‘వీడియో ఆగిపోతోంది, బ్యాండ్‌విడ్త్ పెంచండి’ అనే మాట నాకు తరచుగా వినబడుతుంది. ఎక్కువసార్లు బ్యాండ్‌విడ్త్‌కు, అంటే లైను మోయగల వేగానికి, ఆ సమస్యతో సంబంధం ఉండదు. ఎందుకు ఉండదో ఈ కేసులో పూర్తిగా కళ్లకు కట్టింది.

నేపథ్యం

2020 మార్చిలో కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చాక ఈ ఆసుపత్రి సాయంత్రం పూట టెలి ఓపీ మొదలుపెట్టింది. పేషెంటు, నర్సు ఇక్కడ గదిలో కూర్చుంటారు, న్యూరాలజీ, కార్డియాలజీ స్పెషలిస్టులు హైదరాబాద్ నుంచి వీడియోలో చూస్తారు. అలాంటి గదులు నాలుగు. వీడియోకు ఆసుపత్రి సొంత సాఫ్ట్‌వేరే ఉంది, ఆ వీడియోను అటూ ఇటూ అందించే మీడియా సర్వర్ హైదరాబాద్‌లో ఉంటుంది. ఇవి కాక ఐపీ ఫోన్లు, బిల్లింగు, వార్డుల్లో అటెండర్లకు ఇచ్చిన ఉచిత వైఫై. సీటీ స్కాన్ యూనిట్ నుంచి ప్రతి స్కానూ హైదరాబాద్ రేడియాలజిస్టుకు వెళ్తుంది. ఇన్నింటికీ ఒకటే 20 ఎంబీపీఎస్ (సెకనుకు 20 మెగాబిట్లు) లీజ్డ్ లైను, అంటే ఆసుపత్రికే విడిగా అద్దెకిచ్చిన ఇంటర్నెట్ లైను, అప్‌లోడూ డౌన్‌లోడూ సమానంగా.

మొదట ఆ లైను 10 ఎంబీపీఎస్ ఉండేది. వీడియో ఆగుతోందని 20కి పెంచారు. కొన్నాళ్లు బాగున్నట్టే ఉండి, సీటీ కేసులు పెరిగాక మళ్లీ మొదటికొచ్చింది. ఇక 50కి వెళ్దామా అన్న దశలో నన్ను పిలిచారు.

సమస్య ఎలా కనిపించింది

అందరూ ‘స్లో’ అన్నారు. ఆ మాటతో ఏ పనీ జరగదు కాబట్టి సాయంత్రం ఓపీ గదిలో ఓ మూల కూర్చుని చూశాను. పక్షవాతం వచ్చి తగ్గిన ఓ పెద్దాయన ఫాలో-అప్‌కు వచ్చారు. హైదరాబాద్ డాక్టరు, “పెద్దాయనా, రెండు చేతులూ ముందుకు చాపండి, అరచేతులు పైకి పెట్టి కళ్లు మూసుకోండి” అన్నారు. బలం తగ్గిన చెయ్యి ఆ భంగిమలో మెల్లగా కిందికి జారుతుంది, పరీక్ష అదే. ఆయన చేతులు చాపారు. ఎడమ చెయ్యి జారుతోంది, గదిలో ఉన్న నాకు కూడా తెలుస్తోంది. అటు డాక్టరు నుంచి మాట లేదు. కాసేపటికి ఆయన గొంతు తెగి తెగి వచ్చింది: “సిస్టర్, బొమ్మ ఆగిందా, చెయ్యే కదలకుండా నిలిచిందా? నాకు తెలియట్లేదమ్మా.”

ఆగిపోయిన వీడియోలో జారే చెయ్యి నిలకడగా కనిపిస్తుంది. డాక్టరుకు అనుమానం వచ్చింది కాబట్టి అడిగారు. రాకపోయి ఉంటే పరీక్ష ఫలితం తప్పుగా నమోదయ్యేది. అది విన్నాక ఈ పనిని ఒక కస్టమర్ కంప్లయింటుగా చూడడం నాకు సాధ్యం కాలేదు.

ఇంకొక విషయం గమనించాను. నిమిషం, మహా అయితే నిమిషంన్నర ఆగేది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయకుండానే సర్దుకునేది. కాసేపు బాగుండి మళ్లీ అంతే. లైనే బాగోలేకపోతే ఇలా టైముకు వచ్చి టైముకు పోదు. ఎవరో ఏదో పని మొదలుపెడుతున్నారు, అది పూర్తవుతోంది.

లైను ఇచ్చిన కంపెనీ వాళ్లు మాత్రం తమ గ్రాఫు చూపించారు. సాయంత్రం వాడకం 7, 8 ఎంబీపీఎస్ దాటలేదు, మీ లైను సగం ఖాళీగా ఉంది, ప్యాకెట్లు (డేటా ప్రయాణించే చిన్న ముక్కలు) దారిలో పోవడమూ పెద్దగా లేదు అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఆ గ్రాఫు 5 నిమిషాల సగటు. సీటీలో ఒక్కో స్లైసు 512×512 చుక్కలు, చుక్కకు 2 బైట్లు, అంటే సుమారు అర ఎంబీ (మెగాబైటు, బైటుకు 8 బిట్లు). 300 స్లైసుల స్కాన్ 150 ఎంబీ అవుతుంది. 20 ఎంబీపీఎస్ లైను మీద అది పూర్తిగా నిమిషం పాటు లైనంతా తినేస్తుంది. అదే నిమిషాన్ని 5 నిమిషాల మీద పరిస్తే 4 ఎంబీపీఎస్ అయి కూర్చుంటుంది. మిగతా వాడకం కలిపితే ఏడో ఎనిమిదో. డాక్టరు నష్టపోయిన నిమిషం ఆ సగటులో కలిసిపోయింది.

మొదట చేసిన కొలత

ఓపీ గదిలోని కంప్యూటర్ నుంచి మీడియా సర్వర్‌కు పింగ్ (చిన్న ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో చూసే కొలత) పెట్టి వదిలేశాం. ఆసుపత్రి ఐటీ కుర్రాడు స్కాన్ రూములో ఫోను పట్టుకుని నిలబడ్డాడు. “అన్నా, ఇప్పుడు పంపుతున్నారు” అన్న రెండు మూడు సెకన్లకే 10 మిల్లీసెకన్లున్న పింగ్ 200, 400, 600కు ఎక్కింది. “అయిపోయిందన్నా” అనగానే మళ్లీ 10.

600 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే 20 ఎంబీపీఎస్ వేగంలో 1.5 ఎంబీ డేటా ఎక్కడో క్యూలో నిలబడి ఉందన్న మాట. ఫోను మాటకు ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే ఇబ్బంది తెలియదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఇచ్చిన జీ.114 సిఫార్సు చెబుతుంది. మనం దానికి ఎంతో దూరంలో ఉన్నాం. ప్యాకెట్లు పోవట్లేదు, ఎదురుచూస్తున్నాయి. అమెరికన్ ప్రోగ్రామర్ జిమ్ గెటిస్ పదిహేనేళ్ల కిందట బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టి అందరినీ హెచ్చరించిన జబ్బు ఇదే. మెమరీ చవకైంది కదా అని పరికరాల్లో పెద్ద పెద్ద బఫర్లు, అంటే ప్యాకెట్లు వంతు కోసం ఆగే చోట్లు, పెడతారు. ఫైళ్లు పంపడానికి వాడే, ప్యాకెట్ పోతేనే వేగం తగ్గించే టీసీపీ పద్ధతి ఆ బఫర్ నిండేదాకా తోస్తూనే ఉంటుంది.

వీడియో సాఫ్ట్‌వేర్ అలా ఉండదు. ఆలస్యం పెరగడం గమనించగానే లైను ఇరుకైందనుకుని తానే తగ్గుతుంది, ముందు నాణ్యత తగ్గిస్తుంది, చివరికి బొమ్మ ఆపేస్తుంది. స్కాన్ పంపే టీసీపీ నష్టం వస్తే గానీ తగ్గదు. ఈ రెండూ ఒకే క్యూలో పడితే మర్యాద ఉన్నది ఓడిపోతుంది. 10ని 20 చేసినా 50 చేసినా ఆ నిమిషం పొట్టిదవుతుంది తప్ప పోదు. అందుకే 50కి వెళ్దామన్న ప్రతిపాదనను పక్కన పెట్టమన్నాను.

పని చేయని ప్రయత్నాలు

ఆసుపత్రి నెట్‌వర్క్‌కు గేటులాంటి ఫైర్‌వాల్‌లో క్యూఓఎస్ (ఏ డేటా ముందు వెళ్లాలో తేల్చే ఏర్పాటు) అప్పటికే ఆన్ చేసి ఉంది. పాత నియమం చూస్తే యూడీపీ (ప్యాకెట్ చేరిందో లేదో చూడకుండా పంపుతూ పోయే పద్ధతి) అంతటికీ అత్యధిక ప్రాధాన్యం. వీడియో కాల్ యూడీపీ మీద నడుస్తుంది కాబట్టి ఒకప్పుడు ఈ నియమం సబబే. కానీ 2021లో ప్రమాణంగా వచ్చిన క్విక్ ప్రోటోకాల్ కూడా యూడీపీ మీదే నడుస్తుంది, యూట్యూబ్ చాలావరకు దాని మీదే వస్తుంది. అంటే వార్డులో అటెండరు చూసే సినిమా పాటకూ డాక్టరు చూసే పేషెంటుకూ ఒకే హోదా. ముందు ఆ నియమం తీసేశాం.

తర్వాత ఫోను ప్యాకెట్లకు ఈఎఫ్, అంటే డీఎస్‌సీపీ (ప్యాకెట్ మీద రాసే ప్రాధాన్య సంఖ్య) విలువ 46, వీడియోకు ఏఎఫ్41, అంటే 34, గుర్తులు వేశాం. బ్రౌజరు తనంతట తాను గుర్తు వేస్తుందని నమ్మలేం, అందుకే మీడియా సర్వర్ చిరునామా, పోర్టు (ఏ సర్వీసుకో తెలిపే సంఖ్య) చూసి ఫైర్‌వాలే వేసేలా పెట్టాం. మళ్లీ స్కాన్ పంపి చూశాం. పింగ్ అలాగే 600కు వెళ్లింది.

రెండు చివర్లా ప్యాకెట్ క్యాప్చర్ (వచ్చేపోయే ప్యాకెట్లను నమోదు చేయడం) పెడితే సగం సంగతి తెలిసింది. ఇక్కడ 46తో బయల్దేరిన ప్యాకెట్ హైదరాబాద్‌లో 0తో దిగుతోంది. దారిలో గుర్తులు చెరిపేస్తున్నారు. మామూలు ఇంటర్నెట్ లైను మీద అది సహజమే. ఈ గుర్తుల పద్ధతి డిఫ్‌సర్వ్ 1998లో వచ్చినప్పటి నుంచీ దాని అర్థం ఇదే: ఒక్కో సంస్థ తన హద్దుల్లోనే ఆ గుర్తుకు విలువ ఇస్తుంది, హద్దు దాటాక అవతలి వాళ్ల ఇష్టం. విలువ ఇమ్మంటే దానికి వేరే ఒప్పందం, వేరే ధర.

మిగతా సగం ఇంకా ముఖ్యం. మన ఫైర్‌వాల్ నుంచి లైను కంపెనీ పెట్టిన పెట్టెకు వెళ్లే కేబుల్ వేగం 100 ఎంబీపీఎస్. ఆ పెట్టె నుంచి బయటికి 20. ఫైర్‌వాల్ దగ్గర ఎప్పుడూ క్యూ కట్టదు, వచ్చింది వచ్చినట్టు తోసేస్తుంది. క్యూ కట్టేది కంపెనీ పెట్టెలో, అక్కడ మన నియమాలు ఏవీ లేవు, ముందు వచ్చింది ముందు పోతుంది. టోల్‌గేటు దగ్గర వాహనాలు నిలిచిపోతుంటే, దానికి నాలుగు కిలోమీటర్ల ముందు ఖాళీ రోడ్డు మీద వీఐపీ లేన్ గీసినట్టుంది మా క్యూఓఎస్. క్యూ లేని చోట ప్రాధాన్యానికి అర్థం లేదు. ఈ ఒక్క వాక్యం కోసమే ఈ కేసు రాస్తున్నానని చెప్పినా తప్పు లేదు.

పని చేసిన మార్గం

క్యూను మన చేతిలోకి తెచ్చుకోవాలి. ఫైర్‌వాల్‌కూ కంపెనీ పెట్టెకూ మధ్య ఒక చిన్న లైనక్స్ పెట్టెను బ్రిడ్జిగా పెట్టి, బయటికి వెళ్లే వేగాన్ని 20 కంటే కొంచెం తక్కువకు కట్టేశాం. అప్పుడు ఇరుకు మన పెట్టెలో ఏర్పడుతుంది, అవతలి బఫర్ ఖాళీగా ఉంటుంది. 19 దగ్గర మొదలుపెడితే అప్పుడప్పుడు పింగ్ ఎగిరేది. కంపెనీ ఏయే హెడర్లను (ప్యాకెట్ ముందు అతికించే చిరునామా లాంటి వివరాలు) లెక్కలోకి తీసుకుంటుందో మనకు కనిపించదు, చిన్న ప్యాకెట్లు ఎక్కువైనప్పుడు ఆ తేడా పెరుగుతుంది. 18కి దించాక నిలకడ వచ్చింది. 2 ఎంబీపీఎస్ వదులుకోవడమా అని యాజమాన్యం అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఆ రెండూ వదిలితేనే మిగతా పద్దెనిమిదీ మన మాట వింటాయని పింగ్ తెర పక్కన పెట్టి చూపించాక ఒప్పుకున్నారు.

18 ఎంబీపీఎస్‌ను పంచడమే ఈ కేసులో నేను ఎక్కువ ఆలోచించిన భాగం. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది ఇంజినీరు ఒక్కడే తేల్చే విషయం కాదు. నా మొదటి పట్టికలో వీడియో పైన, స్కాన్లు కింద ఉన్నాయి. అది చూసి క్యాజువాలిటీ డాక్టరు ఒక్క ప్రశ్న అడిగారు: “స్ట్రోక్ కేసు వస్తే స్కాన్ అందకుండా అవతల న్యూరాలజిస్ట్ వీడియోలో ఏం చెబుతారు?” గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు లక్షణాలు మొదలైనప్పటి నుంచి మామూలుగా నాలుగున్నర గంటలే గడువు, ముందు ఇస్తే అంత మేలు. ఆ ఫైలు వీడియో కంటే వెనకబడడానికి లేదు. అయితే అన్ని స్కాన్లూ అలాంటివి కావు. సైనస్ సీటీ రేపు పొద్దున వెళ్లినా ఎవరికీ నష్టం లేదు. నెట్‌వర్క్‌కు రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండూ సీటీ మిషన్ నుంచి ఒకే పోర్టుకు వెళ్లే టీసీపీ.

పరిష్కారం స్కాన్ రూములో దొరికింది. పంపే సాఫ్ట్‌వేర్‌లో రెండు గమ్యాలు పెట్టించాం, ఎమర్జెన్సీకి ఒక పోర్టు, రొటీన్‌కు ఇంకొకటి. టెక్నీషియన్ ఏ గమ్యం నొక్కితే ఆ తరగతి. నాణ్యత తగ్గని కంప్రెషన్ కూడా ఆన్ చేయించాం, ఫైలు దాదాపు సగమైంది. నెట్‌వర్క్ మనిషి స్కాన్ రూముకు వెళ్లి మాట్లాడితే ఇంత పని తగ్గుతుంది.

చివరికి నిలిచిన పంపకం ఇది. ఫోన్లకు 1 ఎంబీపీఎస్, ఎందుకంటే జీ.711 (మాటను డేటాగా మార్చే ప్రమాణం) కాల్ ఒకటి ఈథర్నెట్ మీద 87 కేబీపీఎస్ తింటుంది, ఒకేసారి పది కాల్స్ వచ్చినా సరిపోతుంది. వీడియోకు 7, నాలుగు గదులకు ఒక్కోటి 1.5 చొప్పున లెక్కేసి కాస్త వెసులుబాటు. ఎమర్జెన్సీ స్కాన్‌కు 6, రొటీన్ స్కాన్లకు 2, మిగతా అన్నింటికీ 2. ఇవి హామీలు మాత్రమే. ఎవరి వాటా ఖాళీగా ఉంటే స్కాన్లు దాన్ని అప్పు తీసుకోవచ్చు, వేగాన్ని తరగతులవారీగా పంచే హెచ్‌టీబీ పద్ధతిలో ఆ సౌకర్యం ఉంది. కంప్రెషన్ లేని 150 ఎంబీ స్కాన్‌నే తీసుకుంటే, లైను ఖాళీగా ఉన్నప్పుడు నిమిషం పైచిలుకు, అన్ని తరగతులూ నిండా నడుస్తున్నప్పుడు కూడా మూడు నిమిషాల ఇరవై సెకన్లు. ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసి డాక్టర్లకు చూపించి సరేననిపించుకున్నాకే అమలు చేశాం.

ఫోన్లూ వీడియో కలిపి ఒకే ప్రాధాన్య క్యూలో వేస్తే పోయేది కదా అని ఐటీ కుర్రాడు అడిగాడు. వీడియో సమానంగా ప్రవహించదు. కదలిక తేడాలు మాత్రమే పంపుతూ, అప్పుడప్పుడు పూర్తి ఫ్రేమ్ ఒకటి పంపుతుంది. ఆ ఫ్రేమ్ 40 కేబీ అనుకుంటే, నాలుగు గదులవీ ఒకేసారి పడితే 160 కేబీ. 18 ఎంబీపీఎస్ మీద అది కదలడానికి 70 మిల్లీసెకన్లు. 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున వచ్చే ఫోను ప్యాకెట్ దాని వెనక చిక్కుకుంటే మాట గతుకుతుంది. అందుకే ఫోన్లు విడిగా, అన్నిటికంటే ముందు, కానీ 1 ఎంబీపీఎస్ దాటకుండా పరిమితితో. పరిమితి లేని ప్రాధాన్యం ఎవరికిచ్చినా మిగతా వాళ్లు ఆకలితో పోతారు.

ప్రతి తరగతి లోపల ఎఫ్‌క్యూ-కోడెల్ అనే క్యూ నడిపే పద్ధతి పెట్టాం. ఇందులో రెండు ఆలోచనలు కలిసి ఉన్నాయి. ఒకటి, ఒక్కో ప్రవాహానికి విడి క్యూ పెట్టి వంతులవారీగా పంపడం. పరిశోధకులు డెమర్స్, కేశవ్, షెంకర్ 1989లో దీన్ని సిద్ధాంతంగా నిలబెట్టారు. 1995లో శ్రీధర్, వర్గీస్ డెఫిసిట్ రౌండ్ రాబిన్ అనే పద్ధతితో దాన్ని చవకైన పెట్టెలో కూడా నడిచేంత తేలిక చేశారు. మనవాళ్ల పేర్లు ఈ పునాదిలో ఉన్నాయని జూనియర్లకు చెప్పడం నాకు ఇష్టం. రెండోది నికోల్స్, జాకబ్సన్ 2012లో ఇచ్చిన కోడెల్. అది క్యూ పొడవు చూడదు, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. మామూలు అమరికలో ఎదురుచూపు 5 మిల్లీసెకన్ల పైనే 100 మిల్లీసెకన్ల పాటు ఉంటేనే ప్యాకెట్ పారేస్తుంది. వీడియో పూర్తి ఫ్రేమ్ లాంటి క్షణిక రద్దీ ఆ లోపే సర్దుకుంటుంది కాబట్టి దాని జోలికి పోదు. తోస్తూనే ఉండే టీసీపీని మాత్రం పట్టుకుంటుంది.

అంత మంచిదైతే తరగతులెందుకు, అదొక్కటే చాలదా? చాలదు. స్కాన్ సాఫ్ట్‌వేర్ ఒకేసారి అనేక కనెక్షన్లు తెరుస్తుంది. ప్రవాహానికి ఒక వాటా అంటే దానికి అన్ని వాటాలు దక్కుతాయి, వీడియోకు ఒక్కటే.

డౌన్‌లోడ్ వైపు పరిస్థితి వేరు. అక్కడ క్యూ కంపెనీ అవతలి చివరన కడుతుంది, మన పెట్టెకు చేరేసరికే ఆలస్యం జరిగిపోయి ఉంటుంది. చేయగలిగిందల్లా లోపలికి ఇచ్చే వేగాన్ని 17కు కట్టి, అటెండర్ల వైఫై, విండోస్ అప్‌డేట్ల టీసీపీని ముందే తగ్గేలా చేయడం. అప్‌లోడ్ అంత నిక్కచ్చిగా రాదు. దానికి తోడు వార్డు వైఫైకి విడిగా ఒక సీలింగ్, అంటే దాటకూడని వేగం, పెట్టాం, నర్సులు ముందుగానే అటెండర్లకు చెప్పారు కాబట్టి గొడవ రాలేదు.

ఇవన్నీ అయ్యాక సీటీ పంపుతూ పింగ్ చూస్తే 25 మిల్లీసెకన్లు దాటలేదు. లైను అదే 20 ఎంబీపీఎస్. ఒక గదిలో మాత్రం గతుకులు మిగిలాయి. అక్కడ ట్యాబ్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఉంది, చుట్టుపక్కల లాడ్జీల రూటర్లన్నీ అదే బ్యాండ్ మీద. వైఫై గాలిలో ఎవరి వంతు ఎప్పుడన్నది మన పెట్టె నిర్ణయించదు. కేబుల్ లాగి కంప్యూటర్ పెట్టించాం, అయిపోయింది.

ఇలాంటి పని చేసేవాళ్లకు

సగటు గ్రాఫు చూసి లైను ఖాళీ అని నమ్మొద్దు, రద్దీ నడిచేటప్పుడే పింగ్ పెట్టండి. క్యూ ఎక్కడ కడుతోందో తెలియకుండా ఒక్క నియమం కూడా రాయొద్దు. నియమం రాసే ముందు దాని వల్ల వెనకబడేవాళ్లతో మాట్లాడండి. ఇక్కడ క్యాజువాలిటీ డాక్టరు ప్రశ్న రాకపోతే నా పట్టిక సాంకేతికంగా చక్కగా ఉండి స్ట్రోక్ కేసును వెనక నిలబెట్టేది. మధ్యలో పెట్టిన లైనక్స్ పెట్టె ఆగిపోతే లైనే పోతుంది కాబట్టి, ఫైర్‌వాల్‌ను నేరుగా కంపెనీ పెట్టెకు కలిపే కేబుల్ ఒకటి పక్కనే వేలాడదీసి, ఏది తీసి ఏది పెట్టాలో తెలుగులో రాసి ర్యాక్ తలుపుకు అంటించాం. రాత్రి డ్యూటీ వార్డుబాయ్‌తో ఒకసారి చేయించి కూడా చూశాం.

పూర్తిగా తేలనిది ఒకటుంది. లీజ్డ్ లైను తెగితే 4జీ రూటర్ అందుకుంటుంది. దాని వేగం నిమిషానికో తీరు, అందుకే 18 లాంటి స్థిరమైన అంకె అక్కడ పెట్టలేం. ఎక్కువ పెడితే క్యూ మళ్లీ టవర్ వైపు పోతుంది, తక్కువ పెడితే ఉన్నది వృథా. ప్రస్తుతానికి 4జీ మీద అప్‌లోడ్‌ను 3 ఎంబీపీఎస్‌కు కట్టి, ఫోన్లు, ఎమర్జెన్సీ స్కాన్ మాత్రమే వదులుతున్నాం. వీడియో గదులు ఆ సమయంలో మాటకే పరిమితం, చెయ్యి చాపించే పరీక్షలు చేయకూడదని డాక్టర్లే నియమం పెట్టుకున్నారు. ఆలస్యాన్ని చూసి అంకెను తానే సవరించుకునే స్క్రిప్టు ఒకటి ఇప్పుడు రాత్రి పూట, ఓపీ లేని వేళల్లో పరీక్షిస్తున్నాం.